‘ఆ ఫిల్టర్ పీకించెయ్ బావా’

పోయిన నెలలో ఒక రాత్రి మా బావమరిది వాట్సాప్‌లో ఒక రీల్ పంపాడు. ఏదో గ్యారేజీ వాళ్ళది. డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలుగుతుంటుంది, దాని మీద టకీమని ఎర్ర ఇంటూ మార్కు పడుతుంది, వెనకాల సినిమా హీరో ఎంట్రీ లెవెల్లో డప్పులు. ‘డీపీఎఫ్ డిలీట్. ఇక టెన్షన్ లేదు. పికప్ గ్యారంటీ.’ దాని కింద మావాడి సొంత వ్యాఖ్య: ‘నేను చేయించేశా. నువ్వూ ఆ ఫిల్టర్ పీకించెయ్ బావా.’

డీపీఎఫ్ అంటే డీజిల్ పొగలోని మసిని పట్టి ఆపే ఫిల్టర్. అది మసితో నిండితే ఆ పసుపు లైటు వెలుగుతుంది. నా బండిలో అది అప్పటికి మూడోసారి వెలిగి ఉంది. అందుకే నవ్వేసి వదల్లేకపోయాను. నిజం చెప్పాలంటే ఆ శనివారమే బండేసుకుని వాడు చెప్పిన షెడ్డుకి వెళ్ళాను కూడా. పీకించకుండా తిరిగొచ్చాను. ఎందుకు తిరిగొచ్చావురా అంటే ఆ రోజు నా దగ్గర సరైన జవాబు లేదు. ఇప్పుడు కాస్త ఉంది.

నా మాట ముందే చెప్పేస్తాను. రోజుకి పద్నాలుగు కిలోమీటర్లు తిరిగేవాడు డీజిల్ బండి కొనకూడదు. కొన్నాక మాత్రం ఆ ఫిల్టర్ జోలికి పోకూడదు. మొదటి తప్పు నేను చేశాను. రెండోది కొద్దిలో తప్పింది.

ఏడు కిలోమీటర్ల ఆఫీసు

మా ఇల్లు కేపీహెచ్‌బీలో, ఆఫీసు హైటెక్ సిటీలో. పోను ఏడు, రాను ఏడు. పొద్దున పూట ఆ ఏడు కిలోమీటర్లకి నలభై నిమిషాలు. బండి సెకండ్ గేరు దాటితే ఆ రోజు ఏదో పండగ సెలవన్నమాట. మరి డీజిల్ ఎందుకు కొన్నావయ్యా అంటే, ‘ఊరికి వెళ్తాం కదా’ అన్నది మా ఇంట్లో తిరుగులేని వాదన. మా ఊరు కోదాడ దగ్గర. ఏడాదికి నాలుగుసార్లు వెళ్తాం. ఆ నాలుగు ప్రయాణాల కోసం మిగతా మూడొందల యాభై రోజులూ తప్పు బండి నడిపాను.

అసలు కారణం ఇంకా పాతది. 2012 ప్రాంతంలో పెట్రోలుకీ డీజిల్‌కీ లీటరు మీద 30 రూపాయల దాకా తేడా ఉండేది. డీజిల్ అంటే మిగులు అని మా తరం బుర్రల్లో అప్పుడు పడిపోయింది. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసింది, ఆ తేడా కరుగుతూ వచ్చింది. లెక్క మారింది, మా బుర్రలు మారలేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అని బండ్ల పొగ మీద కొత్త పరిమితులు వచ్చినప్పుడు మారుతీ కంపెనీ డీజిల్ కార్లు కట్టడమే మానేసింది. దేశంలో అందరికంటే ఎక్కువ కార్లు అమ్మేవాడు ఒక సరుకు వద్దనుకున్నాడంటే ఎందుకో ఒక్క నిమిషం ఆలోచించాలి కదా. నేను ఆలోచించలేదు. మరుసటి ఏడాదే వెళ్ళి డీజిల్ కొన్నాను. షోరూమ్ కుర్రాడు రంగు అడిగాడు, లోను అడిగాడు, సన్‌రూఫ్ కావాలా అనడిగాడు. రోజుకి ఎంత తిరుగుతారు సార్ అని మాత్రం అడగలేదు. అడిగుంటే అమ్మకం పోయేదేమో.

మొదటిసారి లైటు వెలిగింది ఆఫీసు నుంచి ఇంటికొస్తుంటే. సర్వీసు వాళ్ళు ల్యాప్‌టాప్ తగిలించి, అరగంట బండిని నిలబెట్టే గర్జింపజేసి, “మసి కాల్చేశాం సార్, అప్పుడప్పుడు హైవే ఎక్కించండి” అని పంపేశారు. అప్పటినుంచి ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి నేను ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతున్నాను. పాలు తేవడానికి కాదు, చుట్టాల్ని దించడానికి కాదు. ఫోర్త్ గేర్లో, రెండు వేల ఆర్‌పీఎం పైన, ఇరవై ఐదు నిమిషాలు పోయి వెనక్కి రావడం. కుక్కని వాకింగ్‌కి తీసుకెళ్ళినట్టు. మా ఆవిడ మొదట్లో తోడొచ్చేది, తర్వాత మానేసింది.

ఈ మధ్య ఆ కాల్చుడు ఎప్పుడు మొదలవుతుందో నాకు చెవికే తెలిసిపోతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజను మామూలు కంటే కాస్త గట్టిగా తిరుగుతుంది. ముందు ఫ్యాను హోరెత్తుతుంది. స్క్రీన్ మీద మైలేజీ అంకె దబ్బున పడిపోతుంది. సిలిండర్లలో ఆలస్యంగా కొంచెం ఎక్కువ డీజిల్ చిమ్మి, దాన్ని సైలెన్సర్ దారిలో మండనిచ్చి, ఫిల్టర్‌ని 600 డిగ్రీల దాకా వేడెక్కిస్తుంది బండి. అప్పుడు గానీ మసి కాలదు. హైవే మీద పది ఇరవై నిమిషాల్లో పనైపోతుంది. మన దగ్గర ఏమవుతుంది? సగం కాలేసరికి ఇల్లొస్తుంది, తాళం తిప్పేస్తాం. రేపు మళ్ళీ మొదట్నించి. ఇలా నాలుగైదుసార్లు జరిగితే కాలని డీజిల్ కొంత ఇంజనాయిల్లోకి దిగుతుంది. నా బండిలో ఆయిల్ పుల్ల మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరిగింది. పెరిగితే మంచిదేగా అనుకున్న తెలివి నాది.

ఇంకో పొరపాటు కూడా ఒప్పుకోవాలి. ఒకసారి సర్వీసు బిల్లు చూసి కడుపు మండి, బయట మామూలు ఆయిలు పోయించాను. ఈ బండ్లకి బూడిద తక్కువుండే ఆయిలే వాడాలట. మసి కాలుతుంది గానీ, ఆయిల్లోని రసాయనాల నుంచి వచ్చే బూడిద ఎంత వేడి చేసినా కాలదు, ఫిల్టర్లోనే పేరుకుంటుంది. ఈ సంగతి యజమాని పుస్తకంలో రాసే ఉంది. పుస్తకం డ్యాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది.

షెడ్డులో చూసింది

ఆ శనివారం నేను వెళ్ళేసరికి షెడ్డులో ఇంకెవరిదో బండి పని జరుగుతోంది. ఫిల్టర్ డబ్బాని గ్రైండర్‌తో అడ్డంగా కోసి నేల మీద నిలబెట్టారు. నాలుగేళ్ళుగా నన్ను ఏడిపిస్తున్న వస్తువుని కళ్ళారా చూడటం అదే మొదటిసారి.

పింగాణీ లాంటి దిమ్మ. పైనుంచి చూస్తే చదరంగం బల్ల. అగ్గిపుల్ల దూరేంత సన్నటి చదరపు గొట్టాలు వందల కొద్దీ. ఒకటి తెరిచి, పక్కది మూసి, మళ్ళీ ఒకటి తెరిచి. ఇటు తెరిచున్నది అటు చివర మూసి ఉంటుంది. పొగ లోపలికైతే వెళ్తుంది, ముందుకి దారుండదు. ఇక గోడలోంచి పక్క గొట్టంలోకి దూరి బయటపడాలి. కొత్త మట్టికుండ గోడలోంచి నీళ్ళు చెమర్చినట్టు గాలి అవతలికి దిగుతుంది, మసి ఇవతలే ఆగిపోతుంది. ఆగిన మసి కూడా ఊరికే ఉండదు. గుడ్డ మీద పిప్పి పేరుకున్నకొద్దీ వడకట్టు సన్నబడినట్టు, ఆ మసి పొరే తర్వాత వచ్చే మసిని ఇంకా బాగా పడుతుంది. బాగున్న ఫిల్టర్ రేణువుల్లో నూటికి 99 దాకా ఆపేస్తుంది. 2000లో ప్యూజో 607 అనే ఫ్రెంచి కారులో దీన్ని మొదటిసారి కంపెనీ నుంచే బిగించి అమ్మారు. మన దగ్గరికి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. డీజిల్లో గంధకం 10 పీపీఎంకి, అంటే పది లక్షల పాళ్ళలో పది పాళ్ళకి తగ్గించిన ఇంధనం దేశమంతా వచ్చాక, 2020లో.

ఇదంతా నేను తర్వాత చదువుకుని రాస్తున్నాను. అప్పుడు చూసింది మాత్రం వేరు. పదిహేడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు గునపం లాంటి కడ్డీతో ఆ దిమ్మని పొడుస్తున్నాడు. పొడిచినప్పుడల్లా నల్లటి పొడి గుప్పున లేస్తోంది. పొయ్యి మీది మసిలా బరువుగా కింద పడే రకం కాదు, టాల్కమ్ పౌడర్‌లా గాల్లోనే ఉండిపోతోంది. వాడి ముక్కుకి ఏమీ లేదు. జేబురుమాలు మెడకి కట్టుకుని ఉన్నాడు, చెమట తుడుచుకోవడానికి.

“ముప్ఫై వేలు సార్. సాఫ్ట్‌వేర్‌తో కలిపి. మళ్ళీ వెల్డింగ్ కొట్టేస్తాం, బయటికి చూస్తే కంపెనీదే ఉన్నట్టు ఉంటది” అన్నాడు ఓనరు. కొత్త ఫిల్టర్‌కి లక్ష దాటుతుందని సర్వీసు వాళ్ళు చెప్పి ఉన్నారు. ముప్ఫై వేలు చవకే. “లోపలి సరుకు మాత్రం మాకే వదిలెయ్యాలి” అని కూడా అన్నాడు. దానికి పూసిన పూతలో ప్లాటినం ఉంటుంది, తుక్కుకి బాగా ధర పలుకుతుందట.

ఆలోచించి ఫోన్ చేస్తానని చెప్పి బయటపడ్డాను. పెద్ద నైతిక విజయమేమీ కాదు. ఆ నల్లపొడి చూసి నాకు దగ్గొచ్చింది, అంతే. దారిలో తట్టింది: ఆ బండి ఏళ్ళ తరబడి ఊరి మీదకి వదలకుండా దాచిపెట్టినదంతా వాడొక్కడు ఒక మధ్యాహ్నంలో పీల్చేస్తున్నాడు.

వాచ్‌మన్ గది ఎదుట

మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ర్యాంపు పక్కన వాచ్‌మన్ కుటుంబం ఉండే గది. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ చూసినవాళ్ళకి ఆ గది గురించి చెప్పక్కర్లేదు. తలుపు తీస్తే రెండు కార్ల వెనక భాగాలు. అందులో ఒకటి నాది. రెండోది ఇప్పుడు లేదు. 2009 మోడల్ డీజిల్ కారు, పై ఫ్లోరు పెద్దాయనది, మొన్న సంక్రాంతికి అమ్మేశారు.

బండి పోయాక ఆ స్లాటు వెనక గోడ చూశాను. సైలెన్సర్ ఎత్తులో, పళ్ళెమంత నల్లటి మచ్చ. చుట్టూ పోనుపోను పలచబడుతూ బూడిద రంగు. వాచ్‌మన్ భార్య దాని మీద రెండుసార్లు సున్నం కొట్టిందట, మళ్ళీ పైకొచ్చింది. పక్కనే నా స్లాటు వెనక గోడ. నాలుగేళ్ళుగా నా బండి కూడా అలాగే వెనక్కి తిరిగి నిలబడుతోంది. దుమ్ముంది, బూజుంది, నల్లమచ్చ లేదు.

ఇదేమీ ప్రయోగశాల పరీక్ష కాదని నాకు తెలుసు. ఆ బండి పాతది, ఇంజను అరిగింది, వయసులోనే పన్నెండేళ్ళ తేడా. అయినా ఒక సంగతి నాకు అక్కడే అర్థమైంది. పొగని శుభ్రం చేసే మిగతా పరికరాలకి వేడి కావాలి. చల్లగా ఉన్నప్పుడు అవి సగం నిద్రలో ఉంటాయి. ఫిల్టర్‌కి ఆ బాధ లేదు, మసి కాల్చడానికే వేడి కావాలి గానీ పట్టడానికి అక్కర్లేదు. జల్లెడ చల్లగా ఉన్నా జల్లెడే. పొద్దున తొమ్మిదింటికి నేను తాళం తిప్పి, ఏసీ వేసుకుని, ఫోన్లో మ్యాపు చూసుకునే ఆ రెండు నిమిషాలు ఇంజను మంచులా ఉంటుంది. అప్పుడు కూడా అది పని చేస్తూనే ఉంటుంది, సరిగ్గా ఆ గది తలుపుకి ఆరడుగుల దూరంలో.

డీజిల్ పొగ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కి కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2012 జూన్‌లో తేల్చి, సిగరెట్ పొగ, ఆస్బెస్టాస్ ఉన్న మొదటి వర్గంలోకి ఎక్కించింది. అప్పుడు ముందుంచుకున్న ఆధారాల్లో ముఖ్యమైనది అమెరికాలో 8 గనుల్లో 12 వేలకు పైగా కార్మికుల మీద జరిగిన అధ్యయనం. గనులు ఎందుకంటే అక్కడ పొగకి పోయే దారి తక్కువ. సెల్లార్ గని కాదు, ఒప్పుకుంటాను. కానీ పొగకి పోయే దారి అక్కడా తక్కువే.

మావాడి వాదనలు

మా బావమరిది తెలివితక్కువవాడు కాదు. వాడితో ఈ విషయం మీద రెండుసార్లు గొడవ పడ్డాను, రెండుసార్లూ వాడే గెలిచినట్టు ఇంటికెళ్ళాడు.

“ముందు లారీ చూడు బావా. నీ ఒక్కడి ఫిల్టర్‌తో హైదరాబాద్ ఊపిరి పీల్చుకుంటుందా?” ఇది మొదటిది. బీఎస్6కి ముందున్న బీఎస్4 పరిమితుల ప్రకారం డీజిల్ కారు కిలోమీటరుకి 25 మిల్లీగ్రాముల దాకా మసి వదలొచ్చు. బీఎస్6లో అది 4.5. నా పద్నాలుగు కిలోమీటర్లకి లెక్కేస్తే ఆదా అయ్యేది రోజుకి ఒక చిటికెడు. నిజంగానే చిటికెడు, ఉప్పు డబ్బాలోంచి తీసుకున్నంత. ఊళ్ళో కూల్చివేతల దుమ్ము ముందు, చెత్త తగలబెట్టే పొగ ముందు, జనరేటర్ల ముందు అదెంత? ఊరి లెక్కలో మావాడు రైటే. అందుకే నేను ఊరి గాలి పేరెత్తడం మానేశాను. ఆ చిటికెడు ఎక్కడ పడుతుందన్నదే నా వాదన. అది ఊరంతటి మీదా సమానంగా చల్లుకోదు. సిగ్నల్ దగ్గర నా వెనక ఆగిన స్కూటీ మీద అమ్మాయి ముఖాన, ఆ గది తలుపు మీద పడుతుంది. పైగా బరువు తూచేది పాత పద్ధతి. బీఎస్6లో రేణువుల లెక్క కూడా పెట్టారు: కిలోమీటరుకి 60 వేల కోట్లు మించకూడదు. అది పరిమితి! ఫిల్టర్ లేకపోతే దానికి వంద రెట్ల దాకా వెళ్తుంది. తూకానికి ఏమీ రాని ఆ సన్నరకమే లోపలికంటా పోయేది.

“ఫోక్స్‌వాగన్ వాడే మోసం చేశాడు, ఇంకా వీటిని నమ్ముతావా?” ఇది రెండోది. పరీక్షలో మాత్రమే పొగ తక్కువ చూపించేలా ఆ కంపెనీ డీజిల్ కార్లలో సాఫ్ట్‌వేర్ పెట్టింది. 2015 సెప్టెంబరులో బయటపడ్డ ఆ మోసం నైట్రోజన్ ఆక్సైడ్లనే వాయువుల గురించి, మసి గురించి కాదు. ఈ మాట చెప్పగానే మావాడు అందుకున్నాడు: “చూశావా, అంటే నీ ఫిల్టర్ ఆ వాయువుని ఆపదన్నమాట.” ఆపదు. దానికి వేరే పరికరం ఉంది. ఫిల్టర్ ఉన్నంత మాత్రాన బండి పుణ్యాత్మురాలైపోదు. మసి కాల్చుకునే ఆ పది పదిహేను నిమిషాల్లో రేణువులు మామూలు కంటే చాలా ఎక్కువ బయటికొస్తాయి, డీజిల్ అదనంగా తాగుతుంది. నా ఆదివారం ఔటర్ షికార్లు ఏ లెక్కన చూసినా పర్యావరణ సేవ కాదు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇది డీజిల్ కొన్నందుకు నేను కడుతున్న వడ్డీ, దాన్ని కొంత ఊరు కూడా కడుతోంది.

మూడోది వాడు చెప్పలేదు, నేనే చెప్పుకుంటాను. ఫిల్టర్ వల్ల కష్టమంతా యజమానికి, సుఖమంతా ముక్కూముఖం తెలియనివాళ్ళకి. ఎయిర్‌బ్యాగ్ పీకించుకునేవాడు ఉండడు, అది తన ప్రాణం కాబట్టి. ఫిల్టర్ తీసేస్తే మైలేజీ పెరుగుతుంది, లైటు ఆరిపోతుంది, నష్టపోయినవాడు వచ్చి తలుపు కొట్టడు. ఇలాంటి వస్తువుని మంచితనం మీద వదిలేస్తే నిలవదు, నా మంచితనమే శనివారం షెడ్డు దాకా వెళ్ళొచ్చింది.

రెండు నిమిషాల సర్టిఫికెట్

మరి పట్టుకునేవాడున్నాడా? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ వేయొచ్చు. పుస్తకంలో గట్టిగానే ఉంది.

మావాడు ఫిల్టర్ తీయించిన తర్వాతి వారమే పొల్యూషన్ చెక్‌కి వెళ్ళాడు. నేనూ పక్క సీట్లో ఉన్నాను. పెట్రోలు బంకు మూల వ్యాను, అందులో ఒక కుర్రాడు. నంబరు ప్లేటు ఫొటో తీశాడు. గొట్టం సైలెన్సర్లో పెట్టాడు, యాక్సిలేటర్ సగం కూడా తొక్కించలేదు, తీసేశాడు. రెండు నిమిషాల్లో సర్టిఫికెట్, పాస్. దిగి మావాడి సైలెన్సర్లో వేలు పెట్టి తిప్పాను. కాటుక డబ్బాలో ముంచినట్టు వచ్చింది. అదే వేలు తుడుచుకుని ఇంటికెళ్ళి నా బండిలో పెట్టాను. తుప్పు మరక, కాస్త తేమ. ఆ బంకు కుర్రాడి యంత్రం కంటే నా చూపుడువేలే నయం.

కుర్రాడినే తిట్టి లాభం లేదు. యాక్సిలేటర్ పూర్తిగా తొక్కించినా ఆ యంత్రం చూసేది పొగ ఎంత చిక్కగా ఉందని, ఎంత వెలుగుని అడ్డుకుంటోందని. బీఎస్6 ఇంజను ఫిల్టర్ లేకపోయినా కంటికి కనపడేంత పొగ వదలకపోవచ్చు. సన్నటి రేణువులు వెలుగుకి పెద్దగా అడ్డుపడవు. బ్రిటన్‌లో 2014 ఫిబ్రవరి నుంచి ఏటేటా చేసే పరీక్షలో ఫిల్టర్ ఉందో లేదో చూడటం మొదలెట్టారు, డబ్బా కనపడకపోతే ఫెయిల్. కంటితో చూసే పరీక్షకి మందు మన షెడ్డు ఓనరు చెప్పిందే: లోపలిది తోడేసి, డబ్బా మళ్ళీ వెల్డింగ్ కొట్టడం. దాంతో బెల్జియం 2022లో, నెదర్లాండ్స్, జర్మనీ 2023లో రేణువుల్ని లెక్కపెట్టే యంత్రాలు తెచ్చాయి. ఇంజను ఊరికే తిరుగుతుండగా గొట్టం పెడితే చాలు, లోపల దిమ్మ ఉందో ఖాళీ డబ్బానో చెప్పేస్తుంది. మన బంకుల దగ్గర అలాంటిది వచ్చిన రోజున ఈ రీల్స్ వాటంతటవే ఆగిపోతాయి. ఈలోగా రాత్రిళ్ళు డప్పులు మోగుతూనే ఉంటాయి.

అలాగని మొత్తం యజమాని నెత్తినే రుద్దడం కూడా అన్యాయం. లక్షకి పైగా ఖరీదు చేసే భాగం బండిలో ఉందనీ, ఊళ్ళో తిరిగితే అది మూసుకుపోతుందనీ అమ్మేటప్పుడే పెద్దక్షరాలతో చెప్పాలి. నాకు సన్‌రూఫ్ గురించి పావుగంట చెప్పారు. దాన్ని ఇప్పటికి రెండుసార్లు తెరిచాను, రెండోసారి వాన పడింది.

బేరం

చివరికి బండి అమ్మకానికి పెట్టాను. ఫిల్టర్ అలాగే ఉంది. మూడో లైటుకి సర్వీసు వాళ్ళే మళ్ళీ కాల్చి పంపారు, సరైన ఆయిలు పోయించాను. తర్వాత పెట్రోలుది కొంటాను, అదీ చిన్నది.

పోయిన ఆదివారం ఒకాయన చూడ్డానికొచ్చాడు. బానెట్ ఎత్తాడు, టైర్లు తన్నాడు, కింద వంగి చూశాడు. లేచి చేతులు దులుపుకుని మెల్లగా అడిగాడు:

“ఫిల్టర్ తీయించేశారా సార్?”

“లేదండీ, కంపెనీదే ఉంది” అన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన ముఖం చిన్నబోయింది. “అయితే ఓ ముప్ఫై తగ్గించండి. తీయించుకోవాలి కదా.”

“మీరు ఎక్కడెక్కడ తిరుగుతారు?”

“వారానికి రెండుసార్లు విజయవాడ. మందుల వ్యాపారం.”

“అయితే మీకా లైటు అసలు వెలగకపోవచ్చు. ఈ బండి మీలాంటి వాళ్ళకోసం చేసిందే. తీయించకుండా ఓ ఆర్నెల్లు నడిపి చూడండి.”

నమ్మలేదు. అమ్మేవాడి మాట ఎవరు నమ్ముతారు. సెల్లార్లోనే నిలబడి ఇంకో అరగంట బేరమాడాం. వాచ్‌మన్ భార్య ఆ పక్కనే తలుపు తీసి, పొయ్యి మీద ఏదో పోపు వేస్తోంది. ఆయన ముప్ఫై నుంచి ఇరవైకి దిగాడు, నేను సున్నా నుంచి ఐదుకి ఎక్కాను. ఫిల్టర్ ఉంచుకుంటానంటే పది తగ్గిస్తాను అన్నాను. అలా ఉంచుకున్నట్టు మీకెలా తెలుస్తుంది సార్ అని నవ్వాడు. బుధవారం ఫోన్ చేస్తానన్నాడు.